అరిగిన చోటు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో రెండు పనులు ఒక్కసారే మొదలయ్యేవి. ఆయన ముందుగదిలో బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, ఒక చెవిలో తీగ దోపుకుని, పాత టేపురికార్డరు మీట నొక్కేవాడు. ఆమె పెరట్లో పిండి ఉంచిన బట్టల బకెట్టు ఎత్తుకుని డాబా మెట్లెక్కేది. బట్టలు పొద్దున్నే ఉతికేసినా సరే, అప్పటిదాకా బకెట్లోనే మగ్గనిచ్చి ఆ వేళకే పైకి తీసుకెళ్ళేది. "ఇంత ఎండలో ఎందుకమ్మా, మాడి మసైపోతావు" అని పక్కింటావిడ గోడ మీద నుంచి అంటే, "ఎండుంటేనేగా ఎండేది" అనేది.

తీగ ఆయన చెవిలో ఉండేది గనక టేపులో ఏముందో ఇంట్లో ఎవరికీ వినబడేది కాదు. మీటల చప్పుడు మాత్రం మెట్ల మీదుగా పైదాకా వచ్చేది. టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టక్. కిర్రుమని టేపు వెనక్కి తిరిగే చప్పుడు. మళ్ళీ టక్. అలా కొంతసేపు నడిచి ఆగిపోయేది. ఆగాక కూడా ఆమె ఇంకో దుప్పటి దులిపి, అంచులు సరిచేసి, అప్పుడు కిందికి దిగేది. అప్పటికి ఆయన ముఖం కడుక్కుని దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని ఉండేవాడు. తన ముఖం చూడటం ఇష్టంలేకే ఆమె పైకెళుతుందని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తుకోలేదు.

ఇప్పుడు ఆయన లేడు. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక ఉదయం దుకాణం షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ అక్కడే కూలబడిపోయాడు. ఇంట్లో ఒక్క మనిషి బట్టలే అయినా, ఆ వేళకు ఆమె కాళ్ళు వాటంతటవే మెట్లెక్కుతున్నాయి. ఒక తువ్వాలు, ఒక దిండుగలేబు, ఒంటిమీదివి రెండు. అవి ఆరేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆరేసి, చెవులు రిక్కించి నిలబడుతుంది. కింద ఏ చప్పుడూ ఉండదు. ఇక దిగొచ్చునని చెప్పేదేదీ లేక, అరికాళ్ళు చుర్రుమనేదాకా అక్కడే ఉండిపోతుంది.

ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. టేపాయన అనేవారు. రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే దుకాణం ఆయనది. కాలం మారాక ఫ్యాన్లూ మిక్సీలూ కూడా. కడుపు వాటితో నిండేది గానీ ప్రాణమంతా సినిమాల మీదే ఉండేది. అది కూడా అందరికీ ఉండే పిచ్చి కాదు. బొమ్మ బాగుందా లేదా అన్నది ఆయనకు పట్టేది కాదు. పూర్తిగా ఉందా లేదా అన్నదే గొడవ. మొదటి ఆటలో ఉన్న పాట తర్వాత వారానికి ఎగిరిపోతే, ఆ పాట ఏమైందని ఆరా తీసేవాడు. పెద్ద హాల్లో ఆడిన బొమ్మ డేరా హాలుకొచ్చేసరికి ఎక్కడెక్కడ పొట్టిదయిందో చూడటానికి రెండుచోట్లా టిక్కెట్టు కొనేవాడు.

"కథ తెలిసిన బొమ్మకు మళ్ళీ వెళ్ళడమెందుకు?" అని ఆమె కొత్తలో అడిగింది.

"మనిషి తెలిసినవాడే. కాలో చెయ్యో పోయిందేమో చూసి రావొద్దూ?" అన్నాడు.

ఆయనలాంటివాళ్ళు ఇంకొందరు పోగయ్యారు. అందులో ముఖ్యుడు ఒక దర్జీ. ఏ బొమ్మయినా మొదటి ఆట తప్ప చూడడు గనక అతన్ని మొదటాట అనేవారు. టేపాయన్ని బావా అని, ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాడు. చుట్టరికమేమీ లేదు, సినిమాలు కలిపిన వరస. ఆదివారాలు దుకాణం షట్టరు సగానికి దించి అందరూ లోపల దూరేవారు. పాత పోస్టర్లు, పాటల పుస్తకాలు, తెగిన ఫిల్ము ముక్కలు, హాల్లో దొంగచాటుగా పట్టిన టేపులు బల్ల నిండా పరుచుకునేవి. ఆ గుంపుకంతా ఒకటే నియమం. "అసలును ఆడించకు, నకలును ఆడించు." ఆడించిన కొద్దీ టేపు అరుగుతుంది గనక, ఒక నకలు తీసుకుని అసలును గుడ్డలో చుట్టి చీకట్లో దాచెయ్యాలి. అది నేర్పింది టేపాయనే. నియమం తప్పినవాడికి ఆ ఆదివారం టీ కూడా పోయించేవాడు కాదు.

వాళ్ళంతా జీవితమంతా వెతికింది మాత్రం ఒక్క బొమ్మ చివరి భాగం. అందులో కథానాయిక ఆఖర్న మొగుడి ఇల్లు వదిలి బండెక్కి వెళ్ళిపోతుంది. మొదటి వారం జనం ఏడ్చుకుంటూ బయటికొచ్చి, మళ్ళీ చూడటానికి రాలేదట. రెండో వారానికి ఆ ముక్క కత్తిరించేసి, మొగుడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఆపినట్టు, అందరూ నవ్వినట్టు ఇంకో ముక్క అతికించారు. ఆ తర్వాత లోకానికి మిగిలింది ఆ నవ్వుల బొమ్మే. పోయినదాన్ని వీళ్ళు 'మొదటి వారం బొమ్మ' అనేవారు. బండి మీద నుంచి ఆ అమ్మాయి ఆఖరుగా ఏమందో చూసినవాళ్ళు కూడా తలొక రకంగా చెప్పేవారు. "నన్ను వెతకొద్దు" అందని ఒకరు, "తిరిగి వస్తాను" అందని ఇంకొకరు. ఆ గొడవలో కాలర్లు పట్టుకున్న ఆదివారాలున్నాయి.

"నువ్వు మొదటి వారమే చూశావు కదా బావా, టేపు కూడా పట్టావు కదా!" అని మొదటాట అడిగినప్పుడల్లా టేపాయన ఒకటే చెప్పేవాడు.

"పట్టాను. రికార్డరు మింగేసింది."

అలా చెబుతూ ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. మొదటాటే భుజం తట్టి ఓదార్చాడు.

ఆ టేపు ముందుగదిలో బల్ల మీది రికార్డర్లోనే ఉంది. ఆయన రోజూ మధ్యాహ్నం పెట్టుకునేది దాన్నే.

ఆ బొమ్మకు ముగ్గురు వెళ్ళారు. ఆయన, ఆమె, అప్పుడప్పుడే మాటలు కలిపి మాట్లాడటం వచ్చిన వాళ్ళ పెద్దపాప. రికార్డరు ఎవరో బాగుచెయ్యమని ఇచ్చినది. "బాగయిందో లేదో చూడకుండానే తిరిగిచ్చేస్తామా ఏంటి?" అంటూ దాన్ని గుడ్డసంచిలో పెట్టి, ఆమె ఒళ్ళో ఉంచి, పైన శాలువా కప్పాడు. శాలువా మీద పాపను కూర్చోబెట్టాడు. పసిపిల్ల తల్లిని ఎవరూ సోదా చెయ్యరని ఆయన లెక్క. ఇంటర్వెల్ అయ్యాక టేపు తిప్పడానికి శాలువా కింద చెయ్యి పెట్టి తడుముతుంటే, వెనక వరసలో ముసలావిడ వంగి, "ఇంట్లో చోటు చాల్లేదా నాయనా?" అంది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కినా ఆఖరిదాకా కదల్లేదు.

చివర్లో హాలంతా ముక్కులు ఎగబీలుస్తున్నప్పుడు పాప ఏదో అడిగింది. గట్టిగానే అడిగింది. పక్కవాళ్ళు ఏడుపులోనే నవ్వారు. ఇంటికొచ్చి వింటే, ఆ అమ్మాయి ఆఖరి మాటకు సరిగ్గా ముందు పాప గొంతు ఖంగుమని ఉంది. "నా బంగారుతల్లి మొత్తం పాడుచేసి పెట్టింది" అని ఆయన దుకాణంలో పనివాళ్ళకు కూడా చెప్పి మురిసిపోయాడు.

ఆ ఏడాదే పాపకు జ్వరం వచ్చింది. మెదడుకెక్కిందన్నారు. ఆసుపత్రికి భుజాన వేసుకెళ్ళిన పిల్లను మళ్ళీ నడిపించుకుని తెచ్చుకోలేకపోయారు. ఫొటో ఒకటి మిగిలింది. గొంతు ఆ టేపులో తప్ప ఇంకెక్కడా లేదు.

కొన్నాళ్ళకు ఆయన టేపు చేతిలోకి తీసుకోగానే ఆమె బల్లకు అడ్డంగా నిలబడింది.

"మీవాళ్ళకు వినిపిస్తారా దీన్ని?"

"అడుగుతున్నారు" అన్నాడు నేల చూస్తూ.

"నా బిడ్డ గొంతు దుకాణంలో పెట్టుకుని, అక్కడ ఆపు, ఇక్కడ తిప్పు, ఈ పిల్లెవర్తో అడ్డొచ్చిందిరా అని పదిమందీ అంటుంటే నేను బతకలేను. ఎవరికీ వినిపించొద్దు. ఇంకోటి తియ్యొద్దు కూడా. ఒక్కటే ఉండాలి, ఈ ఇంట్లోనే ఉండాలి. నా మీద ఒట్టు."

ఆయన టేపును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "సరే" అన్నాడు. ఆ మాటను ఊపిరున్నంతకాలం నిలబెట్టుకున్నాడు.

ఆమె మాత్రం ఆ టేపును మళ్ళీ ఒక్కసారి కూడా వినలేదు. మొదట్లో వింటే తట్టుకోలేనని. తర్వాత కోపంతో. బిడ్డ గొంతు ఉన్న టేపును పెట్టుకుని ఈ మనిషి రోజూ వింటున్నది తన బొమ్మనేనని, ఆ పిచ్చి ముందు బిడ్డ గొంతు కూడా ఒక అడ్డమేనని ఆమె మనసులో మేకులా దిగిపోయింది. ఎప్పటికైనా వినొచ్చులే, ఇంట్లోదే కదా, ఎక్కడికి పోతుంది అన్న ధీమా కూడా లోలోపల ఉండేది.

ఆయన పోయిన కొన్ని వారాలకు మొదటాట వచ్చాడు. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించుకోలేక కుట్టుమిషను కోడలికి అప్పగించేసిన మనిషి, ఆ పూట గుమ్మం కూడా తడుముకోకుండా లోపలికొచ్చాడు.

"దొరికిందమ్మా చెల్లెమ్మా! మొదటి వారం బొమ్మ దొరికింది!"

ఏదో ఊళ్ళో మూసేస్తున్న ఫిల్ము ల్యాబులో డబ్బాలు తుక్కు కింద అమ్ముతుంటే, వీళ్ళలాంటి పిచ్చివాడొకడు చూసి పట్టుకున్నాడట. కానీ బొమ్మ నెగటివు వేరు, మాట నెగటివు వేరు. బొమ్మ ఉన్న డబ్బా దొరికింది, మాట ఉన్నది అంతకుముందే వెండి కోసం కరిగించేశారు. అతను ఫోను ఆమె చేతిలో పెట్టి చూపించాడు. బండి మీద ఒక అమ్మాయి పెదాలు కదుపుతోంది. చప్పుడు లేదు.

"చూశావా, ఏదో అంటోంది. ఏమంటోందో ఆ పైవాడికే తెలియాలి. గ్రంథాలయం హాల్లో వేస్తాం, మొదటి వారం చూసినవాళ్ళం నలుగురం మిగిలాం. మూగబొమ్మే చూసి పోతాం, ఏం చేస్తాం? ఆ పాడు రికార్డరు మింగకపోయుంటే..." అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అతని వీపు వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, బల్ల మీద గుడ్డ కప్పుకుని రికార్డరు ఉంది. ఆమె లేచి టీ పెట్టి తెచ్చింది.

"చక్కెర మరిచిపోయినట్టున్నావు చెల్లెమ్మా."

"మీకు చక్కెర జబ్బు కదా అన్నయ్యా."

"ఆ సంగతి ఇన్నాళ్ళూ గుర్తులేదే నీకు!" అని నవ్వి తాగేశాడు.

అతను వెళ్ళాక ఆమె గుడ్డ తీసింది. చిన్న అద్దంలోంచి టేపు చుట్ట కనిపిస్తోంది. వేలు మీట మీదిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఆ వారమంతా ఆమెకు అన్నం రుచి తెలియలేదు. ఇస్తే ఒట్టు గట్టున పెట్టినట్టు. ఇవ్వకపోతే, చూపు పోతున్న ఒక ముసలివాడి నోటిదగ్గర కూడు లాగేసినట్టు. అంతకంటే లోతున ఇంకొకటి కదులుతోంది. ఆ టేపు ఎవరు పెట్టినా, పాప గొంతు తనూ వినాల్సి వస్తుంది. వినాలని ఉంది. ఆ కోరిక చూసుకుంటేనే ఆమెకు భయం వేసింది.

సెలవురోజున కూతురొచ్చింది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం తనది. ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లే అయినా పుట్టినప్పటి నుంచీ చిన్నది అనే పిలుస్తారు. పప్పులో రాళ్ళేరుతూ ఆమె తల ఎత్తకుండా చెప్పింది.

"మీ నాన్న రోజూ వినేది పాటలు కాదే. అందులో మీ అక్క గొంతుంది."

చిన్నది చాట పక్కకు నెట్టేసింది. "అక్క గొంతా? ఈ ఇంట్లో ఉందా?"

"ఉంది."

"బళ్ళో అందరూ అడిగేవాళ్ళు, నువ్వు చిన్నదైతే మరి పెద్దదేదని. ఫొటో ఉందని చెప్పేదాన్ని. గొంతు కూడా ఉందని ఒక్కసారి నాతో అనలేదు నువ్వు."

"విని ఏం చేద్దువు?"

"ఏం చేస్తాను, వింటాను! అది కూడా తప్పేనా?" అంటూ లేచి బల్ల దగ్గరికెళ్ళింది.

"నొక్కకే!" అని ఆమె కేకేసిన కేకకు చిన్నది చెయ్యి గాల్లోనే ఆగింది. మూత తెరిచి, వంగి చూసింది. లోపల తుప్పురంగు పొడి రాలి ఉంది. వేలికి అద్దుకుని వెలుతురులో చూసింది.

"ఇది ఆడితే తెగేట్టుందమ్మా. తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. మావయ్యకు చెప్పు."

"ఏమని చెప్పనే? ఆయన్ని ఇన్నేళ్ళు వెర్రివాణ్ణి చేశాం."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. తిట్లు తినడానికి నాన్న ఎలాగూ లేడు."

"అందుకేగా, ఆ వాటా కూడా నాదే."

ఆమె కబురు పెడితే వచ్చిన మొదటాట అంతా విన్నాడు.  అతని గొంతు లేచింది.

"మాతో పాటు వెతికాడమ్మా వాడు! నాతో బస్సులెక్కాడు, గోదాముల్లో ఎలకల మధ్య కూర్చుని డబ్బాలు విప్పాడు. దొరకలేదని నాకంటే ఎక్కువ ఏడ్చాడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు..."

అని నాలిక కరుచుకున్నాడు. గోడ మీద ఫొటోలో రెండు జడల పాప ఎటో చూస్తోంది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"పాప ఉందా అందులో?"

"ఉంది. దాచమన్నది నేనే అన్నయ్యా. ఆయన తప్పేమీ లేదు."

"అయితే నేను అడగను. నువ్విస్తేనే."

"ఇస్తాను. కానీ పాప మాట జనానికి వినబడకూడదు. అది తీసి నాకిచ్చెయ్యాలి. మిగతాది మీరేమైనా చేసుకోండి."

"తీయించొచ్చు. సౌండు పనిచేసే అమ్మాయి ఒకతుంది. మాటలోంచి దగ్గు తీస్తుంది, కావాలంటే దగ్గులోంచి మాట తీస్తుంది" అని, కాస్త తేరుకుని, "బావ నకలు తీసుంటాడుగా? దాన్నే ఇవ్వు, అసలు కదపొద్దు" అన్నాడు.

"నకలు లేదు. తియ్యొద్దన్నాను."

"తియ్యొద్దంటే తియ్యలేదా? మరి రోజూ ఆడించింది..."

"దీన్నే."

మొదటాట ముఖంలో రక్తం దిగిపోయింది.  టేపును జేబురుమాలులో చుట్టి, పసికందును ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. అంత జాగ్రత్త ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

సౌండమ్మాయిది ఒక మేడమెట్ల కింద అద్దెకు తీసుకున్న చిన్న గది. గోడలకు పాత పరుపులు కొట్టి ఉన్నాయి. ఆ పిల్ల చేతులు కడుక్కుని, టేపు డొక్క మరలు విప్పి, లోపలి చుట్టలను కొత్త డొక్కలోకి మార్చింది.

"ఒక్కసారే ఆడుతుంది ఆంటీ. ఆడుతూనే కంప్యూటర్లోకి ఎక్కిపోతుంది. మళ్ళీ పెట్టమని మాత్రం అడగొద్దు, పొడైపోతుంది."

మీట నొక్కింది. ముందు హాలు హోరు. బల్లల కిర్రు. వెంటనే, పక్కనే కూర్చుని అన్నంత స్పష్టంగా ముసలావిడ గొంతు, "ఇంట్లో చోటు చాల్లేదా నాయనా?"

సౌండమ్మాయి పగలబడి నవ్వింది. మొదటాటకు పొలమారింది. ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. ఆ తర్వాత ఒక కుర్రవాడి దగ్గు, "కదలకు, కదలకు" అని గుసగుస. "నాన్న!" అంది చిన్నది. బొమ్మ నడుస్తోంది. మాటలు గాజుపలకలా ఉన్నాయి.

సౌండమ్మాయి కనుబొమలు ముడిచింది. "ఇంత పాత టేపు ఇంత శుభ్రంగా ఎలా ఉందాంటీ? అసలు ఆడించినట్టే లేదు."

"రోజూ ఆడించేవారు."

"లేదాంటీ. ఇది ఒకటి రెండుసార్లకు మించి తిరగలేదు."

ఆమె ఏదో అనబోయింది. అంతలో చప్పుడు మారింది. చెవిలో నీళ్ళు పోయినట్టు మాటలు మందమయ్యాయి. తర్వాత మాటలే లేవు. ఇసుక జల్లెడ పడుతున్నట్టు సరసర. ఆ ఇసుకలోంచి ఎవరో ఆడమనిషి, పడుచు గొంతు, మెల్లగా అంది: "ఇంటికెళ్ళాక చెప్తాలే. ఊరుకో."

అది తన గొంతేనని ఆమె గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆ వెంటనే మేఘం తొలగినట్టు అంతా స్పష్టమై, బండి మీది అమ్మాయి ఆఖరి మాట వినిపించింది:

"పొయ్యి మీద పాలున్నాయి. చూసుకోండి."



"పాలా?" అన్నాడు మొదటాట. "పాల కోసమా మేం చొక్కాలు చింపుకున్నది?" అని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయాడు.

ఆమె మాత్రం సౌండమ్మాయినే చూస్తోంది. "పాప గొంతేదమ్మా?"

ఆ పిల్ల తెరమీద గీతలు ముందుకూ వెనక్కూ జరిపింది. నెమ్మదిగా చెప్పింది. "ఈ సరసర ఉన్న చోటే ఆంటీ. టేపు మొత్తంలో ఈ ఒక్క చోటే అరిగిపోయింది. ఇంత ముక్కనే ఆడించి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆడించి... ఇక్కడికొచ్చి ఆపేసేవారు. దీని తర్వాత ఉన్న మాటదాకా వెళ్ళేవారు కాదు. ముందుదీ వినేవారు కాదు."

టక్. కిర్రు. టక్. డాబా మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఇన్నేళ్ళు విన్న చప్పుడు ఆమె చెవుల్లో తిరిగింది. బొమ్మంతా వినేవాడైతే అన్నిసార్లు తిప్పడమెందుకని ఒక్కనాడైనా తనకు తట్టలేదు. లోకమంతా వెతుకుతున్న మాట నాలుగు అంగుళాల అవతల ఉంటే, ఆయన అక్కడిదాకా కూడా వెళ్ళలేదు. ఇంకోటి తీయనిచ్చి ఉంటే, ఆయన నకలునే అరగదీసుకునేవాడు. తనకు అసలు మిగిలేది.

"ఏమైనా చెయ్యమ్మా" అంది. సౌండమ్మాయి చేతనైనవన్నీ చేసింది. పెంచింది, తగ్గించింది, వడగట్టింది. ఒకచోట ఊపిరి లాంటిదేదో తోచింది. అది పాపదో హాలుదో తేలలేదు.

"అక్క ఏమడిగిందమ్మా?" అంది చిన్నది.

"గుర్తులేదే."

"ఇంటికెళ్ళాక చెప్తానన్నావు కదా. చెప్పావా?"

ఆమె ఆలోచించింది. ఆ రోజు హాలు నుంచి బయటికొచ్చాక పాప తండ్రి భుజం మీద ఎక్కింది. ఇల్లు చేరేసరికి నిద్రపోయింది. మర్నాడు అడిగిందా? ఏమో. "చెప్పినట్టు లేదు" అంది.

సౌండమ్మాయి గొంతు సవరించుకుంది. "జనానికి వేసేదాంట్లో ఈ సరసర తీసేసి, నీటుగా కలిపెయ్యనా ఆంటీ? మీరు ముందు అదే అడిగారుగా."

"ఉంచు" అందామె. "అక్కడ ఒక పిల్ల మాట్లాడింది. ఉంచు."

గ్రంథాలయం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, తెల్లగోడ మీద బొమ్మ వేశారు. మిగిలిన నలుగురూ ముందు వరసలో, కళ్ళు సరిగా ఆనని మొదటాట గోడకు మరీ దగ్గరగా. ఆమె వెనక, చిన్నది పక్కన. అందరూ ఆ ఆఖరి మాట కోసం కూర్చున్నారు. ఆమె ఆ ఇసుక చప్పుడు కోసం కూర్చుంది.

తెర మీద ఆ అమ్మాయి మూట పట్టుకుని గడప దాటింది. బండెక్కింది. అప్పుడు తెర అంచులోంచి ఒక బక్క కుక్క వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. ఎక్కబోయింది, బండివాడు కొరడా కర్రతో నెట్టేశాడు. కుక్క దారి మధ్యలో చతికిలబడి, ఆ అమ్మాయి వైపు ముఖమెత్తి చూసింది. సరిగ్గా అక్కడే మొదలైంది సరసర.

"ఇంటికెళ్ళాక చెప్తాలే. ఊరుకో" అంది హాల్లో ఆమె గొంతు.

ఆమె చిన్నదాని మణికట్టు పట్టుకుంది. "కుక్కనే! కుక్కనెందుకు తీసుకెళ్ళడంలేదని అడిగుంటుంది."

"గుర్తొచ్చిందా?"

"లేదు. కానీ అదే అయ్యుంటుంది. ఇంకేమడుగుతుంది పసిది?"

పాల మాట వచ్చింది. ముందు వరసలో నలుగురూ చప్పట్లు కొట్టి, ఒకరి భుజాల మీద ఒకరు పడి ఏడ్చారు. బయటికొచ్చాక ఆమె మొదటాటను అడిగింది, అక్కడ కుక్క ఉంది కదా అన్నయ్యా అని.

"కుక్కా? ఏ కుక్క? మొదటి వారం చూశాను, ఫోన్లో వందసార్లు చూశాను. నాకు ఆ పిల్ల ముఖం తప్ప ఏదీ కనబడలేదమ్మా."

పాప అడిగింది కుక్క గురించేనా, బండి గురించా, ఆ అమ్మాయి ఏడుపు గురించా? అవునో కాదో చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆ మాటను రోజూ మధ్యాహ్నం విన్నవాడు. కింద ఆయన వింటున్నంతసేపూ తను పైన బట్టలు దులుపుతూ నిలబడింది. ఒక్కరోజు దిగొచ్చి, ఏమంటోందండీ పాప అని అడిగితే చెప్పేవాడు. ఎన్ని వేల మధ్యాహ్నాలు దొరికాయి అడగడానికి!

మర్నాడు పొద్దున్నే ఆమె బట్టలు ఉతికి, పిండి, బకెట్లో వేసింది. తువ్వాలు, దిండుగలేబు, ఒంటిమీదివి రెండు. భోజనమయ్యాక కాళ్ళు అలవాటుగా పెరటి వైపు నడిచాయి. బకెట్టు ఎత్తి మెట్ల దాకా తెచ్చింది. మొదటి మెట్టు మీద పెట్టి, అక్కడే వదిలేసింది.

ముందుగదిలో ఆయన కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. సౌండమ్మాయి ఇచ్చిన ఆ చిన్న ముక్కను చిన్నది అమ్మ ఫోనులోకి ఎక్కించి, ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్ళింది. తీగ ఒక చెవిలో పెట్టుకుంది. రెండో చెవి ఆయన లాగే ఖాళీగా వదిలింది.

ఇసుక. ఇసుక. ఇంటికెళ్ళాక చెప్తాలే. ఊరుకో.

వెనక్కి జరిపింది. మళ్ళీ వింది. ఏం చెప్పాలో వెతుక్కుంది. బండిలో చోటు లేదే అందామంటే, ఉంది, ఆమె కళ్ళతో చూసింది. ఇల్లు చూసుకోవాలి కదే అందామంటే, పాప దానికి ఇంకో ప్రశ్న వేసేది.

"బట్టలు బకెట్లోనే పెట్టేశావేంటమ్మా?" గోడ మీద నుంచి పక్కింటావిడ. "ఎండ తిరిగిపోతోంది, కంపు కొడతాయి!"

"కొట్టనీ అక్కయ్యా" అందామె, అక్కడి నుంచి కదలకుండానే, మళ్ళీ వెనక్కి జరుపుతూ.